పొద్దుగూకితే పోయే నెట్టు

పల్లెల్లో నెట్టు ఎందుకు రాదని గుంటూరులో ఎవర్నడిగినా ఒకటే కథ: దొంగలు రాగి తీగ కోసుకుపోతున్నారట. నేను ఒప్పుకోను. మా చెల్లెలు పద్మ ఇంట్లో నెట్టు సాయంత్రం పోయి పొద్దున్నే వస్తుంది. కోసుకుపోయిన దొంగే తెల్లారేసరికి వచ్చి అతికించి వెళ్తున్నాడా?

పద్మ ఒక కంపెనీ తరఫున ఇంటి నుంచే పిల్లలకు లెక్కలు చెబుతుంది. రోజూ సాయంత్రం ఆరింటికి క్లాసు. ఆ ఊళ్ళో సెల్ సిగ్నల్ ఇంట్లోకి రాదు. పాత టెలిఫోను తీగ మీద వచ్చే నెట్టే గతి. ఈ గురువారం కూడా క్లాసు మధ్యలో ఆగితే పిల్లల్ని ఇంకొకరికి అప్పగిస్తామని కంపెనీ వాళ్ళు తేల్చేశారు. అది విన్నాక కాలు నిలవలేదు. గురువారం ఉదయం ఏడింటికల్లా బస్టాండులో ఉన్నాను.

చిలకలూరిపేట దాకా ఒక బస్సు, అక్కడ ఇడ్లీ, ఆపైన అద్దంకి వైపు పల్లెవెలుగు. ఆధార్ కార్డు మర్చిపోకండి, ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. కిటికీ పక్క సీటు మాత్రం వద్దు. మిరప లారీ వెనక పడితే దారంతా తుమ్ములే. నేను వెళ్తున్న పని విని పక్కనావిడ నవ్వింది. "మా ఊళ్ళో మేడెక్కితే వచ్చిద్ది, దిగితే పోయిద్ది. మా కోడలు మేడ మీదే కాపరం పెట్టిందమ్మా" అంది.

పదిన్నరకు మండల కేంద్రంలో దిగి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజికి వెళ్ళాను. అక్కడున్న ఒకే ఒక్క ఉద్యోగి కంప్యూటర్ చూసి, పద్మ ఇదివరకు ఇచ్చిన ఫిర్యాదు పరిష్కారమైపోయిందన్నాడు. ఎవరు పరిష్కరించారంటే తెలియదన్నాడు. లైన్‌మన్ పగలు వెళ్ళి చూశాడట, అంతా బాగుందట.

"పోయేది సాయంత్రమైతే పగలు చూడటం దేనికండీ?"

"పగలు బాగున్న లైను సాయంత్రం ఎందుకు పోతుంది మేడమ్?" అన్నాడు. నేను అడగాల్సిన ప్రశ్న ఆయన నన్నే అడిగాడు! బయటికొచ్చి పద్మ ఊరికి షేర్ ఆటో ఎక్కేశాను.

పద్మ ఇంట్లో పప్పు, గోంగూర పచ్చడితో భోజనం. నెట్టు పెట్టె మీద పచ్చ లైటు శుభ్రంగా వెలుగుతోంది. తీగ వెంటే నడిచి చూశాను. గోడ నుంచి పెరట్లోకి, పెరడు దాటి పద్మ భర్త, మా మరిది సాంబయ్య మిరపకాయలు ఆరబోసిన కల్లంలో ఉన్న స్తంభానికి. ఎక్కడా తెగలేదు. ఎందుకు పోతోందో తెలుసా అని సాంబయ్యనడిగితే, చలికి తీగ బిగుసుకుంటుందేమోనన్నాడు. మా ప్రాంతంలో చలా!

ఐదు దాటాక కల్లంలో కూలివాళ్ళు కాయలు రాశి పోసి, మంచు పడకుండా పట్టాలు కప్పుతున్నారు. నేను పెట్టె ముందు కాపలా కూర్చున్నాను. పచ్చ లైటు ఎర్రబడింది. పద్మ నా మొహంలోకి చూసింది. పెరట్లోకి పరుగెత్తాను. సాంబయ్య పట్టా తాడు ఆ స్తంభానికి చుట్టి, కాలు తన్నిపెట్టి లాగుతున్నాడు. లాగినప్పుడల్లా స్తంభం వాలుతోంది, తీగ బిగుస్తోంది.

"ఏం సాంబయ్యా, రోజూ దీనికేనా కట్టేది?"

"అవును వదినగారూ. ఊళ్ళో ఫోన్లన్నీ పోయినాయి గదా, స్తంభం ఉత్తిదే అనుకున్నా."

"మరి నీ ఇంట్లోకి నెట్టు ఎట్లా వస్తోందనుకున్నావు?"

"గాల్లో రాదా?"

కూలి చేసే ఒకావిడ, "రోజూ పెళ్ళాం ఉద్యోగాన్ని కట్టేసి వచ్చి అన్నం తింటన్నావన్నమాట" అంది. ఆయన తాడు విప్పి, పట్టా అంచుల మీద రాళ్ళు పెట్టాడు. ఆరవబోతుండగా లైటు పచ్చబడింది. క్లాసు ఎక్కడా ఆగలేదు.

శుక్రవారం పన్నెండు గంటల బస్సుకు గెలిచినదాన్లా తిరుగుప్రయాణమయ్యాను. బస్సు చిలకలూరిపేట చేరేలోపే పద్మ మేడ మీంచి ఫోన్ చేసింది. నెట్టు మళ్ళీ పోయిందట, నడిమధ్యాహ్నం, తాడు లేదు, పట్టా లేదు. ఎక్స్‌ఛేంజికి చేస్తే లైను బాగానే కనబడుతోందన్నారట.

వెళ్ళేటప్పుడు ఏమీ తెలియదు. తెలిసిందనుకుని వచ్చాను, ఇప్పుడు అంతకన్నా తక్కువ తెలుసు. తాడే కారణమైతే ఇప్పుడెందుకు పోయింది? కాకపోతే నిన్న తాడు విప్పగానే ఎందుకు వచ్చింది? సాయంత్రం ఆరింటికి మళ్ళీ క్లాసుంది. నేనిప్పుడు ఎవరితో పోట్లాడాలి?