సగం ఊపిరి

తుపాకీ గురిలో మొదటి బ్యాడ్జి వచ్చినప్పుడు సిపాయి భార్య దాన్ని వీధంతా చూపించుకుని మురిసింది. ఇప్పుడు మూడోది భర్త యూనిఫాం చేతికి కుట్టడానికి ఆమెకు చెయ్యి రావడం లేదు.

గురి కిటుకు ఆయనే చెప్పాడు: గుండె నిండా పీల్చి, సగం వదిలి, మిగతాది బిగబట్టి ట్రిగ్గర్ నొక్కాలట. రెండో బ్యాడ్జి గెలిచాక ఇంట్లో కోపమొస్తే అరవడం మానేశాడు. ఊపిరి సగంలో ఆపేస్తాడు. అరిచే మొగుడితో వేగొచ్చు, ఊపిరి బిగబట్టే మొగుడితో ఎలా వేగడం?

ఆ రాత్రి భోజనాలయ్యాక, ఆమె యూనిఫాం చొక్కా ముందేసుకుని కూర్చుంటే, బల్ల దగ్గర ఆమె తమ్ముడు నోరు జారాడు. "కాగితానికి చిల్లులు పెడితే బ్యాడ్జీలిస్తారా బావా? మా ఇంట్లో ఎలుకలు ఊరికే పెడతాయి!"

అందరూ పడీ పడీ నవ్వారు. సిపాయీ నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. ఛాతీ కదలడం లేదు. చూపు బావమరిది చొక్కా రెండో గుండీ మీద నిలిచింది. బల్ల మీద చూపుడువేలు మెల్లగా లోపలికి ముడుచుకుంటోంది.

"ఏమండీ, ఊపిరి తీసుకోండి," అందామె.

ఆయన వినిపించుకోలేదు. ఆమె యూనిఫాం చొక్కా పక్కన పడేసి, నీళ్ల జగ్గు నెపంతో ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది.

ఇప్పుడు ఆమె మీద పడ్డ ఆ చూపు పక్కకు జరగలేదు. వేలు ఆగలేదు.