బాపమ్మ మోకాళ్లలో సూదులు

ఐలమ్మ సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. నవాగామ్‌లోని ఒక మరమగ్గాల కార్ఖానాలో దారపు కండెలు చుడుతుంది. ఆమెకు వచ్చిన హిందీ అంతా కార్ఖానా హిందీయే. దారం గురించో, షిఫ్టు గురించో అయితే సేఠ్ ముందైనా నిలబడి గట్టిగా మాట్లాడుతుంది. ఆ హద్దు దాటితే ఇక తెలుగే. అర్థం కాకపోతే అది అవతలివాళ్ల బాధ అన్నట్టు ఉంటుంది.

కొడుకు జితేందర్, కోడలు నవత పొద్దున్నే ఊరి బయటి జోల్వాకు పనికి వెళ్లిపోతారు. ఆరేళ్ల మనవరాలు కోమలి హిందీ బడిలో చదువుతోంది. బడి విడిచాక తన బాపమ్మ, అంటే నాయనమ్మ ఐలమ్మ దగ్గరే. ఆ పిల్లకు తెలుగంటే బాపమ్మ నోట వచ్చేదే. వచ్చిన ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది.

"నిన్ను కండ్లల్ల పెట్టుకొని సాదిన బిడ్డా" అంది ఒకరోజు ఐలమ్మ, జడ వేస్తూ.

కోమలి వెనక్కి తిరిగి ఆమె కళ్లలోకి పరీక్షగా చూసింది. "పట్టిన్నా?"

"అప్పుడు చిన్నగుంటివి."

"రెండు కండ్లల్లనా, ఒక్కదాంట్లనా?"

"నా తల తినకు. జర సీదా కూసో."

"నేనేం తింటలేను" అని కోమలి నోరు తెరిచి చూపించింది.

ఆ వానాకాలం ఐలమ్మకు మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి. రోజంతా పొట్టి పీట మీద కూర్చుని చేసే పని మరి. ఒక సాయంత్రం కోమలిని తోడు తీసుకుని వీధి చివరి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆమెకు తెలుగు రాదు. ఒంటి బాధలు చెప్పుకునేంత హిందీ ఐలమ్మకు లేదు.

"కాళ్లు గుంజుతున్నయని చెప్పు."

మా బాపమ్మ కాళ్లను ఎవరో లాగుతున్నారని కోమలి హిందీలో చెప్పింది. ఎవరు లాగుతున్నారని డాక్టరమ్మ అడిగింది.

"ఎవలు గుంజుతున్నరంట, బాపమ్మా."

"ఎవలు గుంజుతరే? అవే గుంజుతయ్. మోకాళ్లల్ల సూదులు పొడుస్తున్నయను."

మోకాళ్లలో సూదులున్నాయని కోమలి చెప్పేసరికి డాక్టరమ్మ రాస్తున్న చేయి ఆగింది. కార్ఖానాలో పనిచేసే మనిషి, నిజంగానే సూది దిగిందేమోనని ఎక్స్‌రేకి చీటీ తీసింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే అనగానే మాట ఎక్కడో దారి తప్పిందని ఐలమ్మకు తెలిసిపోయింది. లేచి, కుచ్చిళ్లు పైకి పట్టుకుని సగం దాకా వంగి కూర్చుంది. మోకాలు పట్టుకుని మూలిగింది. గోడ ఆసరాతో లేచి నిలబడి "గిదీ సంగతి" అంది. డాక్టరమ్మ నవ్వి, మోకాళ్లు నొక్కి చూసి, మాత్రలు రాసింది. పొట్టి పీట మీద కూర్చోవద్దని కోమలితో చెప్పి పంపింది.

"సీదా నొప్పి అంటే అయిపోతుండె కద, బాపమ్మా" అంది కోమలి దారిలో.

ఐలమ్మ అడుగు ఆపి పిల్ల వైపు తిరిగింది. "ఉట్టిగ నొప్పి అంటే ఎంత నొప్పో ఆమెకెట్ల ఎర్కైతది?"

మర్నాడు సూపర్‌వైజర్ ఉమాకాంత్‌ను ఎత్తు స్టూలు అడిగింది. తర్వాత చూద్దామన్నాడతను. ఇక్కడ ఆమె హిందీకి ఢోకా లేదు. స్టూలు వచ్చేదాకా కండె ముట్టనని చెప్పి అతని ముందే నిలబడింది. మధ్యాహ్నానికి స్టూలు వచ్చింది. ఆ వారంలోనే పక్కన పనిచేసే పద్మారాణికీ ఒకటి ఇప్పించింది.

నెల తిరిగేసరికి నొప్పి తగ్గింది. ఒక సోమవారం పొద్దున కోమలి బూట్లు తొడుక్కోకుండా గడప మీద కూర్చుంది.

"బాపమ్మా, ఇయ్యాల నా కాళ్లు బడికి రామంటున్నయ్."

ఆ మాట ఐలమ్మ నేర్పింది కాదు. వచ్చిన నవ్వును ఆపుకుని బూట్లు తెచ్చి పిల్ల ముందు పెట్టింది.

"నువ్వు నడువు బిడ్డా. అవి నీ ఎంబడే వస్తయ్."