మూడు వేళ్ళ కత్తి

ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో ప్రొద్దుటూరులో మాకు కొలిమి ఉండేది. మా ఆయన పట్టకారుతో ఇనుము పట్టుకుంటే నేను సమ్మెట వేసేదాన్ని. కొడవళ్ళు, పారలు, బండి చక్రాల పట్టాలు, ఇవే మా పని. కత్తులు మాత్రం ఆయన అందరికీ చేసేవాడు కాదు. ఎవరికి, ఎందుకు అని అడిగేవాడు. జవాబు నచ్చకపోతే తీరిక లేదనేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో కక్షలు అట్లా ఉండేవి.

ఒకనాడు పులివెందుల నుంచి ఒక ముస్లిం వంటాయన వచ్చాడు. పెళ్ళిళ్ళకు వండే మనిషి. కుడిచేతికి చుట్టుకున్న తువ్వాలు విప్పి చూపించాడు. చూపుడు వేలు, నడిమి వేలు మొదలంటా లేవు. మాంసం కొడుతుంటే ఎముక ముక్క గుచ్చుకొని చీము పట్టిందట. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో తెల్లదొరసాని డాక్టరు ఆ రెండు వేళ్ళూ తీసేసి చెయ్యి దక్కించింది.

"ఎడం చేత్తో కోస్తే కాదా బాయీ?" అని అడిగాడు మా ఆయన.

"నాకు చేతకాదన్నా. వంట నేర్పిన ఉస్తాదు కుడిచేతికి కత్తి ఇచ్చి బిస్మిల్లా చెప్పిచ్చినాడు. ఏడాదిగా నా వంటకు పక్కోళ్ళు కోసిస్తాండారు. అది నా వంట మాదిరి లేదు."

తన ఉస్తాదు కత్తిని గుడ్డలోంచి తీశాడు. హైదరాబాదు వంటవాళ్ళ కత్తి అది. కడుపు వెడల్పుగా ఉండి మొన కొంచెం పైకి లేచి ఉంది. నూరి నూరి ఆకులా పల్చబడిపోయింది. అలుగు, అంటే కోసే రేకు, ఆ రూపంలోనే కావాలన్నాడు. ఇంకో కాగితం కూడా తెచ్చాడు. దొరసాని పెన్సిలుతో గీసిన బొమ్మ. వాళ్ళ దేశంలో యుద్ధంలో వేళ్ళు పోయినవాళ్ళ పనిముట్లకు అరచేతి వెనక నుంచి తోలుపట్టీ వేస్తారట. అలుగు చేయడానికి, ఇనుము రాకే పాత ఇంగ్లీషు ఆకురాళ్ళు రెండు కూడా ఆయనే సంపాదించుకొని వచ్చాడు. అంత మంచి ఉక్కు మాకు దొరికేది కాదు.

మా ఆయన ఆ కాగితాన్నీ ఆ చేతినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత తడిబంకమట్టి ముద్ద చేసి వంటాయన చేతిలో పెట్టి, గట్టిగా పిసకమన్నాడు. బొటనవేలు ఒక పక్క, చివరి రెండు వేళ్ళు ఇంకో పక్క గుంటలు పడ్డాయి. పిడి దాన్ని చూసి చెక్కాలి. మా కొడవలి పిడికి ఉన్నట్టే చివర బొడిపె పెడితే జారదని మా ఆయన ఆలోచన.

మొదటి ఆకురాయి పళ్ళు అరగదీసి, కాల్చి, సాగదీసి అలుగు చేశాం. మూడు రోజుల పని. ఉక్కు గట్టిపడడానికి, ఎర్రగా కాల్చి ఎప్పటిలాగే నీళ్ళలో ముంచాడు. టిక్కుమని చిన్న చప్పుడు. బయటికి తీస్తే అలుగు నడిమధ్య వెంట్రుకంత పగులు. నేను సమ్మెట పక్కన కూలబడ్డాను. ఉన్నది ఇంకొకటే. వంటాయన మేనకోడలి పెళ్ళి ఆ శుక్రవారమే.

రెండో అలుగు అయ్యాక మా ఆయన నీళ్ళ తొట్టి పక్కకు తోసి, నూనెలో అయితే మెల్లగా చల్లారి పగలదని, కుండలో వేరుశనగ నూనె పోయమన్నాడు. ఇంట్లో వంటకున్న నూనె అంతా పోశాను. ఎర్రటి అలుగు దించగానే మంట ఆయన మోచేతి దాకా లేచింది. చెయ్యి తీయలేదు. నేను ఊపిరి బిగబట్టి చప్పుడు కోసం విన్నాను. చప్పుడు రాలేదు. పెళుసు పోవడానికి మళ్ళీ సెగ చూపించి, అంచు ఎండుగడ్డి రంగుకు తిరగ్గానే తీసి పక్కన పెట్టాడు. చేతి మీద వెంట్రుకలన్నీ కాలిపోయి ఉన్నాయి.

తుమ్మ చేవతో పిడి, దానికి తోలుపట్టీ అమరేసరికి గురువారమయింది. వంటాయన అప్పటికే పెళ్ళి పనులకు పులివెందుల పోయాడు. అప్పుడే పులివెందుల వైపు ఎవరినో నరికారని కబురొచ్చింది.

"పోలీసోళ్ళు మగోళ్ళను బస్సు దింపి సోదా చేస్తాండారంట. ఆడోళ్ళ జోలికి రారు. నువ్వు పో. బుట్టలో అడుగున పెట్టుకో," అన్నాడు మా ఆయన.

కత్తిని పాత చీర ముక్కలో చుట్టి, పైన వేరుశనక్కాయలు పోసుకొని బయలుదేరాను. పులివెందుల పొలిమేరలో బస్సు ఆపారు. కానిస్టేబులు వరసగా మూటల్ని లాఠీతో పొడుచుకుంటూ వచ్చాడు. నా బుట్టలో లాఠీ దిగి ఖంగుమంది.

"ఏంది ఇది?" అన్నాడు. నేను బుట్ట మీదికి కొంగు లాక్కున్నా వినక, కత్తి బయటికి తీసి నన్ను స్టేషన్‌కు తీసుకుపోయాడు.

స్టేషన్‌లో ఎస్సై కోస్తా మనిషి. కత్తిని బల్ల మీద పెట్టి, "దాచి తెస్తున్నావంటే ఎవరి కోసమమ్మా?" అన్నాడు. చెప్తే వంటాయన మీదికి పోతుంది, చెప్పకపోతే మా ఆయన మీదికి వస్తుంది. చివరికి, "పెండ్లిళ్ళకు వంట చేసే ఆయనకు సార్" అన్నాను.

ఎస్సై కత్తి పట్టుకొని చూశాడు. పిడి ఆయన చేతిలో కుదరలేదు. వేళ్ళు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. "ఇది మనిషి చేతికి చేసిందేనా?"

"ఆయనకు రెండు వేళ్ళు లేవు సార్."

అనగానే ఎస్సై, కానిస్టేబులు మొహాలు చూసుకున్నారు. అప్పుడు అర్థమైంది నాకు, నేనేం చేశానో. ఆ ప్రాంతంలో వేళ్ళు పోయినవాడంటే నాటుబాంబులు చుట్టినవాడని పోలీసుల లెక్క.

పెళ్ళింటి నుంచి వంటాయనను తీసుకొచ్చారు. పసుపు అంటిన బనీనుతోనే వచ్చాడు. ఎముక గుచ్చుకుందని ఎంత చెప్పినా ఎస్సై నమ్మలేదు.

"ఒక ఎర్రగడ్డ ఇప్పిచ్చండి సార్," అన్నాడు వంటాయన.

పోలీసుల వంటగది నుంచి ఉల్లిపాయ వచ్చింది. ఆయన తోలుపట్టీలో చెయ్యి దూర్చి కత్తి ఎత్తగానే కానిస్టేబులు లాఠీ ఎత్తాడు. ఎస్సై కుర్చీలోంచి లేచాడు. బిస్మిల్లా అని పెదవులు కదిలాయి, కత్తి దిగింది. మొదట మెల్లగా, తర్వాత చూపుకు ఆననంత వేగంగా. బల్ల మీద ఉల్లిపాయ ఉల్లిపొర కాగితంలా రాలింది. సగంలో ఆపి, నా వైపు తిరిగాడు.

"వదినా, రవ్వంత ఎడం పక్కకు లాగుతాంది. అన్నకు చెప్పు."

నాకు ఏడుపు వచ్చింది. ఎస్సై కూర్చున్నాడు. బాంబుల మాట మళ్ళీ ఎత్తలేదు. అయితే ఊళ్ళో కత్తులు తిరగకూడదన్న ఆంక్షలు పోయేదాకా కత్తి ఇవ్వడం కుదరదని, మా ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించుకొని పంపాడు. మేనకోడలి పెళ్ళికి కూడా ఆయనకు పక్కవాళ్ళే కోసిచ్చారు.

బయటికి వచ్చాక, "నీ సంగతి చెప్పినాను బాయీ, తప్పయింది" అన్నాను.

"ఇంకేం చెప్తావు వదినా? నాకే కదా చేసినారు," అని, పెళ్ళింట్లో అన్నం తిని పొమ్మన్నాడు.

ఇరవై రోజుల తర్వాత వంటాయనే ప్రొద్దుటూరు వచ్చాడు. పోలీసులు తిరిగిచ్చిన కత్తిని మా ఆయన చేతికిచ్చి, ఎక్కడ లాగుతుందో గోటితో చూపించాడు. ఇద్దరూ సానరాయి దగ్గర మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. నేను మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్ళు, బస్సు దారి మధ్యలో ఆగితే చాలు, ఒళ్ళో ఏమీ లేకపోయినా కొంగు బిగించి పట్టుకొని కూర్చునేదాన్ని.