ఆజీకి నేను చెప్పిన ఆరు వారాలు

డాక్టరుగా నా మొదటి ఉద్యోగం ఫిజీ దీవుల్లోని నౌసోరిలో. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు దాటిన రోజులు. క్యాన్సర్‌కి ఇక వైద్యం లేదని సువా ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేసిన వాళ్ళను వారానికోసారి చూసి, నొప్పి తగ్గే మందు ఇచ్చి రావడం నా పని. తోడుగా ఒక ఫిజియన్ నర్సు వచ్చేది. ఆవిడ సర్వీసంత ఉండేది నా వయసు.

మేం వెళ్ళే ఇళ్ళల్లో ఒకటి, మార్కెట్లో కూరగాయలమ్మిన ఒక ముసలామెది. నాయనమ్మని అక్కడ ఆజీ అంటారు. ఆమె ఊరందరికీ ఆజీయే. క్లోమంలో గడ్డ. నేనూ ఫిజీలో స్థిరపడిన తెలుగువాళ్ళ పిల్లనేనని తెలిసి, హిందీలో వచ్చీరాని తెలుగు కలిపి మొదటిరోజే అడిగింది.

“నాకు ఎన్ని దినం ఉంది, బేటీ? సచ్ బోలో.”

కొత్త డాక్టర్ని కదా, తడుముకోలేదు. “ఆరు వారాలు, ఆజీ.”

ఆమె ఏడవలేదు. పెరటి వైపు చూసి కోడల్ని కేకేసింది. ఈసారి అలసంద వద్దట, కాయ కాసేదాకా తను ఉండదట. త్వరగా వచ్చేది తోటకూర కాబట్టి అది చల్లమంది.

నాలుగో వారం నా చేతిలో తోటకూర కట్ట పెట్టింది. ఆరో వారానికి రెండో కోత. ఎనిమిదో వారం పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చుని, నన్ను చూడగానే నిలదీసింది.

“నీ లెక్క గలత్, డాక్టర్! అలసంద పెడితే ఇప్పుడు కాయ తింటా ఉంటిమి.”

నాకు సంతోషమూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. తిరుగుదారిలో నర్సుని అడిగాను, మీరెలా అంచనా వేస్తారని. రిపోర్టు పక్కన పెట్టి మనిషిని చూడమంది. ఓపిక నెలనెలకీ తగ్గుతుంటే నెలలున్నట్టు, వారంవారం తగ్గుతుంటే వారాలు, రోజురోజుకీ తగ్గుతుంటే రోజులే. అప్పుడు కూడా కచ్చితంగా చెప్పొద్దంది.

ఆజీ పంతంగా అలసంద పెట్టించింది. తీగ పందిరెక్కేసరికి ఆమె నడక పెరటి నుంచి వరండాకి, వరండా నుంచి గదిలోకి కుదించుకుపోయింది. నేను రోజూ వెళ్ళి చూడడం మొదలుపెట్టాను. ఒక ఉదయం తనకెన్నాళ్ళుందని మళ్ళీ అడిగింది. మంచం మీద ఆమె పక్కనే కూర్చున్నాను.

“సోమవారం తలుపుదాకా నడిచావు. నిన్న లేచి కూర్చున్నావు. ఇవాళ అదీ లేదు. రోజులే అనిపిస్తోంది, ఆజీ. మళ్ళీ తప్పు కావచ్చు.”

“తప్పయితే అచ్ఛా,” అని నవ్వింది. “అయినా నా చెల్లెల్ని పిలువు. ఆదివారం దాకా ఆగొద్దు.”

ఆ చెల్లెలు మర్నాడే లౌతోకా నుంచి బస్సులో దిగింది. రెండు రోజులు అక్కచెల్లెళ్ళు తలుపేసుకుని, తల్లి దగ్గర విన్న తెలుగంతా బయటికి తీశారు. చీపురుని తెలుగులో ఏమంటారో గుర్తురాక పోట్లాడుకున్నారు కూడా. నన్ను పంచాయితీకి పిలిస్తే నాకూ రాలేదు. ముగ్గురం పగలబడి నవ్వాం. మూడోనాటి మధ్యాహ్నం, చెల్లెలు తల దువ్వుతుండగా ఆజీ వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఎవరైనా ఎన్నాళ్ళని అడిగితే, ముందు ఏం చేయాలనుకుంటున్నారో అడుగుతాను.

కర్మ ముగిశాక చెల్లెల్ని బస్సెక్కించడానికి నేనే వెళ్ళాను. ఆమె మెట్టు మీద ఆగి, చెయ్యి చాపి నాడి చూడమంది.

“మరి నాకెన్ని దినం, డాక్టర్?”

“నాకు తెలీదు, ఆజీ.”

“ఠీక్ హై,” అని కిటికీ పక్క సీటు వెతుక్కుంది.