చూడవలసినవన్నీ చెప్పిన పిన్నిగారు

మా పక్కింటి పిన్నిగారు పోయారన్న కబురు నాకు కూరగాయల బండి దగ్గర తెలిసింది. దొండకాయలు ఏరుతుంటే వాళ్ళ కోడలు ఫోన్ చేసి, "వదినా, అత్తయ్య పొద్దున్న కాఫీ తాగి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయారు" అంది. నేను ఏడవలేదు. ఏరిన దొండకాయలు బండివాడికే తిరిగిచ్చేసి ఇంటికొచ్చి స్టవ్వు తుడిచాను. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ తుడిచాను. నాకు ఆవిడ మీద కోపం ఉంది. నన్ను ఆ కోపంతోనే వదిలేసి వెళ్ళిపోయినందుకు ఇంకా కోపం వచ్చింది. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచి చాలా ఉంది, రాస్తాను. కోపం కూడా రాస్తాను. ఒకటి రాసి రెండోది దాచితే అది ఆవిడ గురించి రాసినట్టు కాదు.

విజయవాడ గవర్నర్‌పేటలో హోల్‌సేల్ షాపుల వెనక సందులో మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే, అదీ భుజాల ఎత్తు. తొంభైల మధ్యలో బాబాయిగారూ పిన్నిగారూ బ్రూనై నుంచి తిరిగొచ్చి ఆ ఇంట్లో దిగారు. బాబాయిగారు అక్కడ ఒక కట్టడాల కంపెనీలో ఇంజనీరుగా చేశారు. వాళ్ళున్న రాజధాని పేరు బందర్ సెరి బెగావన్. అంత పేరు మా సందులో ఎవరు పలుకుతారు? బందరు అనేశారు. మా నాయనమ్మ అయితే, "బందరు నుంచి రావడానికి విమానం ఎందుకే, గంటకో బస్సుందిగా" అని చాలాకాలం ఆశ్చర్యపోయింది. పిన్నిగారు నవ్వి, "ఈ బందరులో లడ్డూ దొరుకుతుంది పెద్దమ్మగారూ, ఆ బందరులో బంగారపు గుమ్మటం దొరుకుతుంది" అనేవారు.

నేను టీచరు ఉద్యోగానికి డీఎస్సీ పరీక్ష రాయడానికి చదువుతున్న రోజులవి. మా ఇంట్లో టీవీ గోల. పిన్నిగారు ఒకరోజు గోడ మీంచి నా పుస్తకాలు తీసుకుని వాళ్ళ ముందుగదిలో బల్ల మీద పెట్టేశారు. ఆ ఏడాదంతా ఆ గది నాదే. పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ప్రశ్నలు అడిగేవారు. తప్పు చెబితే చిక్కుడుకాయతో నెత్తిన కొట్టేవారు. చల్లపల్లి దగ్గర బడిలో నాకు పోస్టింగ్ వచ్చిన రోజు సందులో స్వీట్లు పంచింది మా అమ్మ కాదు, ఆవిడ. అందుకే తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆవిడకి ఇంకో పేరుండేది, "బందరు గైడు" అని. బెంజ్ సర్కిల్ నుంచి కంకిపాడు దాకా ఎవరు బ్రూనై వైపు వెళుతున్నా, టూరుకైనా ఉద్యోగానికైనా, ముందు మా సందుకొచ్చి ఆవిడ కాఫీ తాగాల్సిందే. ఆవిడ సలహాలు నాకు కంఠతా వచ్చు. "బంగారపు గుమ్మటం మసీదుని మధ్యాహ్నం చూడకండి. సాయంత్రం నీళ్ళకి ఇవతల కూర్చోండి, దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. లోపలికి వెళ్ళేటప్పుడు ఆడవాళ్ళకి నల్ల గౌను ఇస్తారు, సిగ్గుపడకండి. రాజుగారి సామాన్ల మ్యూజియంలో చెప్పులు విప్పాలి, ఏసీ గడ్డకట్టించేస్తుంది, సాక్సు వేసుకోండి. అక్కడ ఎంతసేపు ఉన్నా ఎవరూ పొమ్మనరు. ఏటి మీద ఇళ్ళ ఊరుంది, కర్రల మీద కట్టిన ఇళ్ళు. పడవెక్కి దిగకుండా ఒక చుట్టు తిరిగి రండి. కాలవ గట్టు మీద సంత ఉంది. అన్నీ ఒకేసారి కొనకండి, రోజుకో కూర కొనండి." చివర్లో ప్రతివాళ్ళకీ ఒకటే చెప్పేవారు: "తొందరపడి చూడకండి. తొందరపడితే ఊరు అయిపోతుంది."

మేమంతా నవ్వేవాళ్ళం. ఊరు అయిపోవడమేమిటి అనుకునేదాన్ని.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే ఆ బందరు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి అక్కడ ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు, మంచివాడు. మంచివాడే, ఇప్పటికీ మంచివాడే, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. పెళ్ళిచూపులయ్యాక మా నాన్న నేరుగా గోడ దగ్గరకి వెళ్ళారు. నేను వెనకే నిలబడ్డాను.

"అక్కయ్యగారూ, మీరు ఉండొచ్చిన ఊరు. పిల్లకి గవర్నమెంటు ఉద్యోగం. అది మాన్పించి పంపమంటారా?" అన్నారు నాన్న.

పిన్నిగారు ఆరేసిన తువ్వాలు తీసి మడతపెట్టారు. తర్వాత, "బంగారంలాంటి ఊరండీ. దొంగతనం లేదు, దుమ్ము లేదు, కరెంటు పోదు. పంపండి" అన్నారు.

"ఉద్యోగానికి సెలవు పెట్టి చూడనా పిన్నిగారూ, మానేయనా?" అని అడిగాను నేను.

"ఎందుకే రెండు పడవల మీద కాళ్ళు" అన్నారు. రాజీనామా ఇచ్చాను. మా హెడ్‌మాస్టరుగారు ఆ కాగితం తీసుకుని ఒక వారం సంతకం పెట్టకుండా అట్టేపెట్టారు, మనసు మార్చుకుంటానేమోనని. నేను మళ్ళీ వెళ్ళి పెట్టించుకున్నాను. పిన్నిగారు చెప్పారు కదా!

ఊరు నిజంగానే బంగారంలా ఉంది. ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు, నా బాధంతా అదే. మసీదు నీళ్ళలో మెరిసింది. పడవవాడు నవ్వుతూ తిప్పాడు. మొదటి వారం ఆయన సెలవు పెట్టి కార్లో అన్నీ చూపించారు. రెండో వారం ఆఫీసుకెళ్ళారు. ఊరు అయిపోయింది.

పొద్దున్న వెళ్ళిన మనిషి చీకటిపడ్డాక వస్తారు. నా వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. చుట్టూ ఇళ్ళన్నీ గేట్లు వేసుకుని ఉంటాయి, గేట్లోంచి కార్లు వస్తాయి, పోతాయి, మనుషులు కనపడరు. రోడ్డు మీద నడిచేదాన్ని నేనొక్కదాన్నే. నన్ను చూసి కార్లు ఆపి, తప్పిపోయావా అమ్మా అని అడిగేవారు. ఎంత మంచివాళ్ళో. సాయంత్రం అయితే బస్సులు ఉండవు. బడిలో అరవైమంది పిల్లల గోల మధ్య ఉన్నదాన్ని, ఆ ఇంట్లో రోజంతా నా గొంతు నాకే వినపడేది కాదు.

అప్పుడు పిన్నిగారి సలహాలే నన్ను బతికించాయి. సాక్సు వేసుకుని మ్యూజియంలో కూర్చున్నాను. రోజుకో కూర కొన్నాను. సంతలో ఒక ముసలావిడ నన్ను గుర్తుపట్టి ముందే వంకాయలు తీసిపెట్టేది. బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి దిగకుండా వెనక్కి వచ్చాను. అదీ ఆవిడ చెప్పిందే. ఆదివారం ఫోన్ చేస్తే, "మ్యూజియం చూశావా? పడవెక్కావా?" అని అడిగేవారు. చూశానండీ అనేదాన్ని. "మళ్ళీ చూడు" అనేవారు.

రెండో ఏడు మా బావగారూ తోటికోడలూ సింగపూర్ చూసి, రెండురోజులకని మా దగ్గరికొచ్చారు. నేను గర్వంగా వాళ్ళని తిప్పాను. మ్యూజియం గుమ్మంలో, "ఇక్కడ మూడు గంటలు పడుతుంది బావగారూ" అన్నాను. ఆయన అరగంటలో చూసేసి బయటికొచ్చి చెప్పులేసుకుంటూ, "మూడు గంటలా? ఏం చేస్తావమ్మా ఇందులో?" అన్నారు. పడవవాడితో ఏటి మీద ఊళ్ళో దింపమన్నారు. దిగకూడదండీ, చుట్టు తిరిగి రావాలి అన్నాను. "దిగకపోతే ఎందుకెక్కడం?" అన్నారు. పాపం ఆయన మామూలుగానే అడిగారు. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది.

అవి ఊరు చూడడానికి వచ్చినవాళ్ళకి చెప్పే సలహాలు కావు. పొద్దు గడవని ఆడది పొద్దు గడపడానికి కనిపెట్టుకున్న ఉపాయాలు. పొమ్మనని చోటు, దిగక్కర్లేని పడవ, రేపు మళ్ళీ రావడానికి వంకగా మిగిల్చిన కూర. నేను కూర్చున్న బెంచీ మీదే ఆవిడా అన్నేళ్ళు కూర్చున్నారు. ఆవిడకి అంతా తెలుసు. తెలిసే, తువ్వాలు మడతపెట్టి, పంపండి అన్నారు.

సెలవుల్లో వచ్చినప్పుడు అడిగేశాను. వంటింట్లో దోసెలు పోస్తున్నారు.

"అక్కడ అంత ఒంటరిగా ఉంటుందని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ?"

"చూడాల్సినవన్నీ చెప్పానుగా" అన్నారు పెనం వైపే చూస్తూ.

"చూడాల్సినవి కాదండీ. ఉండడం గురించి."

"ఇంకో దోసె వేసుకో. చిక్కిపోయావు" అన్నారు. వేసుకున్నాను.

మరి రెండేళ్ళకి మావారు విజయవాడలోనే పని వెతుక్కున్నారు, నా కోసమే. తిరిగొచ్చి అదే సందులో, అదే గోడకి ఇవతల కాపురం పెట్టాం. నా ఉద్యోగం పోయింది కాబట్టి ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను. నాతోపాటు సెలెక్టయినవాళ్ళు ఇప్పుడు హెడ్‌మాస్టర్లు అవబోతున్నారు. పిన్నిగారు నన్ను కన్నకూతుర్లా చూసుకున్నారు, కాదనను. నాకు కామెర్లొస్తే పథ్యం కూరలు గోడ మీంచి నెలకి పైగా వచ్చాయి. నా స్కూలు పేపర్లు దిద్దడానికి మళ్ళీ ఆ ముందుగది ఇచ్చారు. కానీ బందరు మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవారు. వచ్చేవాళ్ళకి సలహాలివ్వడం కూడా మానేశారు. వయసొచ్చింది, మర్చిపోయారనుకున్నాం. ఆవిడకి నిజంగానే గుర్తులేదేమో, నేనే పట్టుకుని వేలాడుతున్నానేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర కోడలి చిన్నాన్న కూతురు నా పక్కన కూర్చుంది. కంకిపాడు పిల్ల, బ్యాంకులో ఉద్యోగం, కొత్తగా పెళ్ళయింది. గారె తుంచుకుంటూ, "మీరు బ్రూనైలో ఉండొచ్చారటగా అక్కా" అంది. ఔనన్నాను.

"నా పెళ్ళికి ముందు మాకూ అక్కణ్ణుంచి సంబంధం వచ్చిందండీ. మా వాళ్ళు తాంబూలాల దాకా వెళ్ళిపోయారు. ఊరెలా ఉంటుందో కనుక్కుందామని అత్తయ్యగారి దగ్గరకొచ్చా."

"ఏం చూడమన్నారు?" అన్నాను.

"చూడ్డం సంగతి ఒక్క ముక్క చెప్పలేదండీ. ముందుగదిలో తలుపేసి కూర్చోబెట్టారు. 'ఉద్యోగం వదిలి వెళ్ళకమ్మా, అక్కడ పగలు గడవదు, నేను బస్సెక్కి ఊరికే తిరిగొచ్చేదాన్ని' అన్నారు. ఒకటే ఏడుపండీ. ఇదివరకు ఒకమ్మాయి వచ్చి అడిగితే ఇదంతా దాచేసి పంపించారట. తను అవస్థపడిన చోటు ఇంకొకళ్ళకి కూడా తెలిస్తే చెప్పుకోడానికి తోడుంటుందనిపించిందట ఆ నిమిషంలో. ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుందన్నారు. నేను ఇంటికెళ్ళి సంబంధం వద్దని చెప్పేశా." వేలు నాక్కుని నా వైపు తిరిగింది. "పాపం, ఎవరండీ ఆ అమ్మాయి? మీకు తెలుసా?"

"తెలీదు" అన్నాను.

నాకు కావలసింది ఆ ఒక్క మాటే. తప్పు చేశానే అమ్మాయి, అని. గోడ భుజాల ఎత్తే, రోజుకి పదిసార్లు ఎదురుపడేవాళ్ళం, దోసె పెట్టే చేత్తో ఆ మాట పెట్టలేకపోయారు. తీసుకెళ్ళి కంకిపాడు పిల్లకిచ్చారు. మొదటిసారి చెప్పకపోవడాన్ని ఎప్పుడో ఒకప్పుడు క్షమించేదాన్నేమో. ఇది ఎలా క్షమించాలో తెలియడం లేదు. అడుగుదామంటే, ఆవిడ ఫోటోకి దండేసి ఉంది.

చేతులు కడుక్కుని వస్తుంటే ఆ పిల్ల బయల్దేరుతోంది. మొగుడు స్కూటరు స్టార్ట్ చేశాడు. వాళ్ళమ్మ కొంగు చెవుల మీదకి కప్పుకోమని అరుస్తోంది, అత్తగారు బూరెల పొట్లం ఒళ్ళో పెడుతోంది, ఎవరో పిల్లలు వెనక చక్రం దగ్గర అడ్డం, రేపు బ్యాంకుకి ఆలస్యమవుతుందర్రా వదలండి అని ఆ పిల్ల నవ్వుతోంది. స్కూటరు కదిలింది. సందు చివర మలుపు తిరిగేదాకా ఆ పిల్ల వెనక్కి తిరిగి ఏదో చెబుతూనే ఉంది, ఇటునుంచి అందరూ ఒకేసారి జవాబు చెబుతూనే ఉన్నారు.