హుల్డా గారి రెండో పుస్తకం

హుల్డా టెట్జ్‌లాఫ్ గారు అనుమానించని మనిషి విస్కాన్సిన్‌లో లేడు. ముప్పై ఏళ్లు కోడిగుడ్లని దీపానికి అడ్డంపెట్టి, లోపల కుళ్లిందో లేదో చూసే ఉద్యోగం చేశారావిడ. రిటైరయ్యాక గుడ్లు పోయి చూపు మిగిలింది. పాస్టరు గారు "గుడ్ మార్నింగ్" అంటే, "ఎందుకని?" అనేవారు.

అలాంటావిడ మా జున్ను ఫ్యాక్టరీ బేస్‌బాల్ జట్టుకి స్కోరు రాసేవారు. నేను కొట్టిన బంతి అవతలివాడు జారవిడిస్తే, పరుగెత్తి చేరాల్సిన మజిలీ, అంటే బేస్ మీద నిలబడి టోపీ ఊపేవాణ్ణి.

"వెర్న్! నువ్వు చేరావా, వాడు చేర్చాడా?"

"బేస్ మీదే ఉన్నాను కదండీ!"

"కరెంటు స్తంభం కూడా నిలబడే ఉంటుంది."

అది నా ఖాతాలో పడేది కాదు.

ఆ ఏడాది, అంటే యాభై ఏడులో, ఆవిడ అనుమానమంతా మా జట్టులోని డెల్బర్ట్ మీదికి మళ్లింది. బక్కమనిషి. బంతి కొట్టే హద్దు దాటి వంకరగా వస్తే బ్యాట్ కదపడు. అలాంటివి నాలుగు పడగానే రూల్ ప్రకారం మొదటి బేస్‌కి నడిచిపోతాడు. హుల్డా గారు బైనాక్యులర్స్ పెట్టి మరీ ప్రతి బంతీ చూసేవారు.

"ఏమయ్యా అంపైరూ, డెల్బర్ట్ మీ చుట్టమా?"

"కాదమ్మా!"

"మీ ఆవిడ వైపు?"

పైగా ఇంకో పుస్తకంలో ఏదో రాసుకునేవారు. డెల్బర్ట్‌కి అన్నం సయించేది కాదు. ఆట కోసమే పనిలో పెట్టుకున్నారు వాణ్ణి; జట్టులో చోటు పోతే ఫ్యాక్టరీలో పనీ పోతుంది మరి.

ఆగస్టులో జట్టు మేనేజరు ఆస్కార్ అననే అన్నాడు. "డెల్బర్ట్, నీ బ్యాటింగ్ సగటు మరీ అన్యాయం. ఆదివారం నుంచి రాకు."

హుల్డా గారు లేచారు. "నాకు అనుమానంగా ఉంది."

"వాడి మీదేగా? పంపించేస్తున్నాం లెండి."

"నీ సగటు మీద! అందులో కొట్టినవే ఉంటాయి, నడిచినవి ఉండవు. బేస్ చేరడం కదయ్యా కావాల్సింది? వందసార్లు దిగితే ఈ అబ్బాయి నలభై నాలుగుసార్లు చేరాడు. అంపైర్ దయ, అవతలివాడి పొరపాటు అన్నీ తీసేసే చెబుతున్నా. ఇంతకన్నా ఎక్కువ చేరినవాడు మీలో ఉంటే చూపించు."

ఆస్కార్ పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. గడ్డం గోక్కున్నాడు. "ఆదివారం పొద్దున్నే వచ్చెయ్, డెల్బర్ట్," అన్నాడు.

డెల్బర్ట్ కళ్లనీళ్లతో దణ్ణం పెట్టినంత పనిచేశాడు. ఆవిడ ఓ అడుగు వెనక్కి వేసి, "ఏం కావాలి నీకు?" అన్నారు.

అందరూ వెళ్లాక నేను ఆవిడ దగ్గర చేరి, "మరి నా సంగతి చెప్పలేదేం? జట్టులో నా అంత దూరం కొట్టేవాడు లేడు కదా!" అన్నాను.

ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "వందకి ఇరవై ఎనిమిది. అందరికన్నా అడుగున నువ్వే. ఆస్కార్ చూడకుండా ఆ పేజీ చించేశాను. నోరు మూసుకుని ఇంటికెళ్లు."

ఆదివారం మొదటిసారిగా నాలుగు వంకర బంతులు పళ్లు బిగబట్టి వదిలేశాను. తలెత్తుకుని బేస్‌కి నడుస్తుంటే వెనక నుంచి వినబడింది:

"అంపైరూ! ఈ వెర్న్ మీకేమవుతాడు?"