ఆ పొద్దు డ్యూటీ నాది

నాలుగు రోజుల కిందట మా ఊరి బజారు వ్యాపార్ విహార్‌లో బియ్యం బస్తాకి చెప్పి, తిరిగి ఇంటికి రావడానికి ఆటో ఎక్కాను. ఎదురు సీట్లో ఒక ఆడపిల్ల. మెడలో కాలేజీ కార్డు, చెవుల్లో వైర్లు. నన్ను రెండుసార్లు తేరిపార చూసి వైర్లు పీకేసింది. "మీరు పట్రీవాలే దాదాజీ కదా? మా కాలేజీ గోడ మీద మీ ఫోటో ఉంది!" అని హిందీలో అంటూ, పట్రీ అంటే రైలు పట్టా లెండి, నడుస్తున్న ఆటోలోనే వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. ఆటోవాడు అద్దంలోంచి నాకేసి చూశాడు. పక్కన కూరల బుట్టతో కూచున్నావిడ అంతవరకూ అంగుళం జరగలేదు, ఇప్పుడు జరిగి చోటిచ్చింది. నేను కాళ్ళు వెనక్కి లాక్కుని "మోకాలు నొప్పమ్మా" అన్నాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. మా వీధి రాకుండానే దిగిపోయి మిగతా దూరం ఎండలో నడిచాను.

నేను మొహం మీద మాట్లాడే మనిషినని మా రైల్వే కాలనీలో పేరు. పెళ్ళిలో పప్పు మాడితే పెళ్ళికూతురి తండ్రి పక్కనుండగానే మాడిందని చెప్తాను. అందుకని నన్ను పెళ్ళిళ్ళకి పిలుస్తారు గానీ మొదటి బంతిలో కూచోబెట్టరు. చదువు ఆలస్యంగా వచ్చింది నాకు. ఈ హిందీ ఊరొచ్చి రైలు పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరిన రోజున వేలిముద్ర వేశాను, రిటైరైన రోజునా వేలిముద్రే. ఆ తర్వాత గుడి వెనక గదిలో ఒక టీచరమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాను. హిందీ మా మనవరాలు నేర్పింది. దానికప్పుడు ఆరేళ్ళు. చేతిలో స్కేలు పట్టుకుని, తప్పు రాస్తే బల్ల మీద కొట్టి మరీ నేర్పింది.

ఆ గుంటే ఇప్పుడు ఇక్కడి సర్కారీ యూనివర్సిటీలో చదువుతోంది. ఆ యూనివర్సిటీ లోపలే వేరే ఒక చిన్న కాలేజీ ఉంది, లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటారు. "ఏటే ఆ చదువు? డాక్టరా, ఇంజనీరా?" అని అడిగాను. "అన్నీ కొంచెం కొంచెం తాతా. చరిత్ర ఉంది, లెక్కలున్నాయి, తబలా కూడా ఉంది" అంది. "అచ్ఛా, మా గ్యాంగులాగన్నమాట. ఒకరోజు కంకర కొట్టడం, ఒకరోజు గడ్డి పీకడం" అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది. కాలనీలో ఎవరైనా అడిగితే మాత్రం కంప్యూటర్ చదువుతోందని చెప్పేవాణ్ణి. తబలా అని చెప్పడానికి నాకు నామోషీ. నామోషీ దేనికి పడాలో నాకెప్పుడూ సరిగ్గా తెలీదు.

ఆ కాలేజీలో మొదటి ఏడు ఒక పనిస్తారు. ఒక్కో పిల్లా ఒక పెద్దమనిషి దగ్గర కూచుని ఆయన బతుకులో జరిగిన ఒక సంగతి రాసుకోవాలి. మా మనవరాలు నన్ను ఎంచుకుంది. ముగ్గురు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకొచ్చి, ఫోను నా ముందు స్టూలు మీద పెట్టి, నలుగురూ నేల మీద బాసింపట్లు వేసుకుని కూచున్నారు. నా ఎదట అలా కూచుని వినేవాళ్ళని నేనంతకు ముందు చూడలేదు. గోడ మీది పటం చూపించి "దీని కథ చెప్పు తాతా" అంది.

అది రైల్వే వాళ్ళిచ్చిన ప్రశంసాపత్రం. దాని కథ నలభై ఏళ్ళుగా చెప్పీ చెప్పీ నోటికి అరిగిపోయింది. నేను కీమేన్‌ని, అంటే రోజూ పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని పట్టాల వెంట నడిచి, వదులైనవి బిగించి, విరిగినవి కనిపెట్టేవాణ్ణి. చలికాలం. పొగమంచు. లాల్‌ఖదాన్ దాటాక పట్టా విరిగి వేలు దూరేంత సందు. ఎదురుగా పాసింజరు బండి వచ్చే వేళ. చక్రం పడితే పేలే పటాకాలు పట్టా మీద పెట్టి, ఎర్రజెండా పట్టుకుని బండికి ఎదురు పరిగెత్తడం. కంకర మీద పడి మోకాలు చీరుకుపోవడం. బండి ఆగడం. ఇవన్నీ చెప్పాను. ఒక పిల్ల కళ్ళు తుడుచుకుంది. నేను నీళ్ళు తాగి, ఆ మోకాలి సంగతి ఇంకోసారి చెప్పాను.

ఆ మోకాలు నాది కాదు. ఆ పొద్దు డ్యూటీ నాదే, పట్టాల మీద నడిచింది మాత్రం మా పక్క క్వార్టర్‌లో ఉండే అన్న. తోడబుట్టినవాడు కాడు, అలా పిలిచేవాణ్ణి. ముందురోజు నేను బెల్తరా వెళ్ళి మహువా సారా, అదే ఇప్పపూల సారా, తాగి వచ్చి, ఒళ్ళు తెలీకుండా పడున్నాను. అన్నకి ఆ రోజు రెస్టు. మా తలుపు దగ్గర నా సుత్తీ జెండా అలాగే ఉండడం చూసి, నన్ను లేపబోయి, లేవకపోతే, తనే పట్టుకుని బయలుదేరాడు. ఎప్పటికో మెలకువొచ్చి నేను అక్కడికి పరిగెత్తేసరికి బండి ఆగి ఉంది. జనం దిగి ఉన్నారు. నా చొక్కా గుండీలు ఒకటికొకటి కలవలేదు. దూరాన్నుంచి పట్టాల మీద మా ఇనస్పెక్టరు సాహెబు ట్రాలీ వస్తోంది. అన్న నన్ను చూసి, కుంటుకుంటూ వచ్చి, జెండా నా చేతిలో పెట్టాడు. సాహెబు దిగి, ఎవరు చూశారని అడిగితే, నేను నోరు తెరవకముందే "ఈడే సార్. నాను కేకలిని ఒచ్చేను" అన్నాడు. కాగితంలో డ్యూటీ నా పేరున ఉంది. నేను రాలేదని తెలిస్తే ఉద్యోగం ఊడును. అప్పటికి నాకిద్దరు పిల్లలు.

అక్కడితో అయిపోతే బాగుండును. ఆ పత్రం చూసే నన్ను తర్వాత గ్యాంగుకి మేటుని, అంటే పెద్దని, చేశారు. అన్న నా కిందనే పనిచేశాడు. మండుటెండలో ఆయన కంకర ఎత్తుతుంటే నేను గొడుగు కింద నించుని "తొరగా, తొరగా" అని అరిచేవాణ్ణి. ఒక్కసారి దెప్పలేదు. దెప్పి ఉంటే పోట్లాడి, ఎప్పుడో నిజం కక్కేవాణ్ణి. మా ఆవిడకి తెలుసు. ఆవిడ పటం మీద దుమ్ము ఎప్పుడూ తుడిచేది కాదు. ఆవిడా పోయింది, అన్నా పోయి ఏడేళ్ళయింది. ఇంక ఎవరున్నారులే అనుకున్నాను.

కాలేజీ వాళ్ళకి ఒక పద్ధతుందని నాకు తెలీదు. ఒకరు చెప్పింది అలాగే రాసుకోకూడదట, తెలిసిన రెండో మనిషిని అడిగి సరిచూడాలట. మా మనవరాలు నాతో చెప్పకుండా లాల్‌ఖదాన్‌లో ఉంటున్న వదిన దగ్గరికి, అంటే అన్న భార్య దగ్గరికి వెళ్ళింది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా "తాతా, దాదీని అడిగేను! 'మీ తాతే ఆపేడమ్మా బండి, మా ఆయన కళ్ళారా సూసేడు' అంది. సబ్ సహీ హై, అంతా నిజమే!" అని గెంతింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "మరి నే చెప్పలేదూ!" అన్నాను. అని ఇంకో గరిటె చారు వేయించుకున్నాను. దాని రాత చూసి కాలేజీ వాళ్ళు నా ఫోటో గోడకెక్కించారు.

ఆటో దిగి నడిచిన రోజు సాయంత్రమే వదిన దగ్గరికి వెళ్ళాను. వాకిట్లో కూచుని చింతపండులో గింజలు తీస్తోంది.

"ఏటి మరిదీ, దారి తప్పేవా? ఏడాదయింది నీ మొహం సూసి."

"ఆ పిల్లతో ఎందుకలా చెప్పేవు వదినా?"

ఆవిడ చెయ్యి ఆగలేదు. "మరేటి సెప్పమంటావు? నీ తాత తాగి తొంగున్నాడే అనమంటావా? దాని మొహం సూడలేదు నువ్వు, దీపంలాగుంది."

నేనూ పక్కన కూచుని గింజలు తీశాను. ఆవిడే అంది. "మీ అన్న పోయే ముందర నన్నడిగేడు. ఆడు ఎప్పుడేనా, ఎవరికేనా సెప్పేడా అని. నేదన్నాను. పోన్లే, సెప్తాడులే అనీసి అటు తిరిగి పడుకున్నాడు."

నన్ను తిట్టలేదు. చింతపండు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. తెచ్చుకున్నాను కూడా.

ఇంటికి రాగానే మనవరాలికి చెప్పేశానని రాస్తే బాగుంటుంది. చెప్పలేదు. నిజం చెప్తే దాని మార్కులు పోతాయి కదా అని రెండు రోజులు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మార్కుల మీద నాకంత ప్రేమేమీ లేదు, పోయేది నా మొహం. నిన్న వంటింట్లో అది బంగాళాదుంపలు తరుగుతుంటే, గుమ్మంలో నించుని చెప్పాను. కత్తి ఆగింది.

"అంటే దాదీ నాతో ఝూట్ చెప్పిందా?"

"ఆవిడ కాదమ్మా. నేను చెప్పించేను."

తరిగిన ముక్కలు గిన్నెలో వేసింది. తర్వాత, నాకేసి చూడకుండా, "రేపు మేడమ్‌కి చెప్పాలి. ఫోటో తీసేయాలి. నువ్వు ఇదంతా రాసియ్యి, నీ చేత్తోనే. తెలుగులో రాసినా పర్లేదు, నాకు చదవడం రాదు గానీ మేడమ్ ఎవరిచేతైనా చదివిస్తారు" అంది. రాత్రి కంచం పెట్టింది. రోజూ "తాతా, రా" అని పిలుస్తుంది. నిన్న కంచం చప్పుడే వినిపించింది.

అందుకని రాస్తున్నాను. ఏళ్ళు గడిస్తే అబద్ధం పాతబడి నిజంలో కలిసిపోతుందనుకున్నాను. అది అలాగే ఉంది, పాతబడింది నేను.